పనిలో పడి పెరిగే అమ్మాయిల కథలు: హనసాకు ఇరోహా, షిరోబాకో, సకురా క్వెస్ట్‌లలో ముందు ఏది చూడాలి?

టోక్యోలో ఉండే పదహారేళ్ల ఒహానాకు ఓ రోజు తల్లి చావు కబురు చల్లగా చెబుతుంది. అప్పులపాలైన ప్రియుడితో కలిసి తాను రాత్రికి రాత్రే ఊరు వదిలిపోతోందట. కూతురు వెళ్లి అమ్మమ్మ దగ్గర ఉండాలట. ఆ అమ్మమ్మతో ఒహానాకు పెద్దగా పరిచయమే లేదు. కొండల మధ్య వేడినీటి బుగ్గలున్న ఊళ్లో ఆవిడ పాతకాలపు విడిది హోటల్ నడుపుతోంది. మనవరాలు వచ్చిందన్న మురిపెం ఆవిడ దగ్గర ఏ కోశానా కనిపించదు. చేతికి గుడ్డ ఇచ్చి నేల తుడవమంటుంది. పని చేయనివాళ్లకు ఇక్కడ తిండి లేదన్నది ఆవిడ లెక్క. మొదటి ఎపిసోడ్ అయ్యేలోపే మనవరాలి చెంప ఛెళ్లుమంటుంది కూడా.

2011 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా 26 ఎపిసోడ్లుగా వచ్చిన జపాన్ యానిమే (యానిమేషన్) సిరీస్ ‘హనసాకు ఇరోహా’ ఇలా మొదలవుతుంది. దర్శకుడు మసాహిరో ఆండో, రచన మారి ఒకాడా, తీసింది పీ.ఏ. వర్క్స్ అనే స్టూడియో. అదే స్టూడియో 2014లో ‘షిరోబాకో’, 2017లో ‘సకురా క్వెస్ట్’ తీసింది. మూడింటిలోనూ ముఖ్య పాత్రలు అమ్మాయిలే. మూడింటిలోనూ ఉద్యోగమే కథ. అందుకే అభిమానులు వీటిని ఒకే కుటుంబంలా చూస్తారు, ఒకటి నచ్చితే మిగతావి కూడా నచ్చుతాయని చెబుతారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ఈ మూడూ మూడు రకాల మనుషుల కోసం తీసినవి. తనకు సరిపడనిదానితో మొదలుపెట్టి మూడో ఎపిసోడ్‌లో ఆపేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లు మిగతా రెండింటి జోలికి మళ్లీ వెళ్లలేదు.

ఇలాంటి కథను ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే. ఒక పాత పనిని నిలబెట్టాలంటే ఆ భారం ఎవరి మీద పడుతోంది? సంప్రదాయం చూడ్డానికి అందంగానే ఉంటుంది. సర్దిన పరుపులు, పొగలు కక్కే స్నానాల కొలను, పళ్లెంలో పువ్వులా అమర్చిన చేప ముక్కలు ఎవరికైనా నచ్చుతాయి. తెల్లారకముందే లేచి అదంతా సిద్ధం చేసేది ఎవరు, దానికోసం వాళ్ల ఇంట్లో ఎవరు ఏం పోగొట్టుకున్నారు అన్నది కూడా కనిపించినప్పుడే నాకది కథ అనిపిస్తుంది. లేకపోతే టూరిజం ప్రకటన చూసినట్టు ఉంటుంది. ఈ ప్రశ్నకు మూడు సిరీస్‌లూ మూడు జవాబులు చెబుతాయి. మీ ఇంట్లో, మీ ఉద్యోగంలో ఇప్పుడు ఏ ప్రశ్న నలుగుతోందో దాన్నిబట్టి ఎంచుకోవడం మంచిది.

హనసాకు ఇరోహా: ఇంటి పని, ఇంటివాళ్ల మీదే భారం

ఒహానా చేరిన హోటల్ పేరు కిస్సుయిసో. జపాన్‌లో ఇలాంటి విడుదుల్ని రయోకాన్ అంటారు. దాన్ని నడిపే ఇంటావిడను ఒకామి అంటారు. ఇక్కడ ఒకామి ఒహానా అమ్మమ్మ, సుయి. వచ్చినవాళ్లకు గది చూపించడం, భోజనం గదికే తీసుకెళ్లి వడ్డించడం, పరుపులు వేయడం, తీయడం అంతా నకాయి అనే పనివాళ్లు చేస్తారు. ఒహానా అలాంటి నకాయిగా చేరుతుంది. పొద్దున బడి, సాయంత్రం పని. అమ్మమ్మను కూడా అందరిలాగే ‘ఒకామి’ అనే పిలవాలి.

అక్కడ పనిచేసే అమ్మాయిల్లో మింకో వంటగదిలో శిష్యరికం చేస్తుంటుంది. ఎవరైనా అడ్డొస్తే ముఖం మీదే ‘చచ్చిపో’ అనేస్తుంది. నాకో బిడియస్తురాలు. జీతం పెరిగిందని తెలియగానే, పెరిగిన జీతానికి తగ్గట్టు తాను కూడా మారాలేమోనని కంగారుపడుతుంది. మొదటి ఉద్యోగంలో మొదటి ఇంక్రిమెంట్ వచ్చినప్పుడు ఎంతోమంది పడే టెన్షనే అది. ఆ టెన్షన్‌ను ఓ ఎపిసోడ్ మొత్తం తీరిగ్గా చూపించిన సిరీస్ ఇంకొకటి నా దృష్టికి రాలేదు. యుయినాది పోటీ హోటల్ యజమానుల కుటుంబం. వారసత్వం తనకే వస్తుందని తెలిసినా దాని మీద మనసు లేని పిల్ల.

ఈ సిరీస్ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఒహానా ఉత్సాహం గురించి, ఆమె వెనకాల టోక్యోలో మిగిలిపోయిన స్నేహితుడు కో గురించి చెబుతారు. నాకు మాత్రం దీని వెన్నెముక అమ్మమ్మ, అమ్మ, మనవరాలు. సుయి జీవితమంతా హోటల్‌కే ధారపోసింది. ఆవిడ కూతురు సత్సుకి ఆ హోటల్‌ను భరించలేక వెళ్లిపోయింది. కొడుకు ఎనిషి ఉండిపోయాడు గానీ తల్లి ముందు ఎప్పుడూ చిన్నబోయే ఉంటాడు. హోటల్‌లో సినిమా షూటింగ్ పెట్టించి ఎలాగైనా గట్టెక్కిద్దామనుకుని, డబ్బు పట్టుకుని ఉడాయించే మోసగాడి చేతిలో పడతాడు. వారసత్వం అంటే ఎవరికి ఏం దక్కింది అనే మన ఆలోచన. ఇక్కడ మాత్రం ఎవరికి ఏం దక్కకుండా పోయింది అన్నది చూపిస్తారు.

సిరీస్ మధ్యలో వచ్చే పత్రిక రేటింగ్ కథ దీనికి పట్టుకొమ్మ. ఒక పత్రిక కిస్సుయిసోకు తక్కువ మార్కులు వేస్తుంది. బుకింగ్‌లు పడిపోతాయి. ఒహానా ఊరుకోకుండా టోక్యో వెళ్లి, ఆ రివ్యూ ఎవరు రాశారో వెతుకుతుంది. తీరా చూస్తే రాసింది కన్నతల్లే. హోటల్‌లో బస చేసి రాసింది కూడా కాదు. పని ఇచ్చినవాళ్లు అలా రాయమన్నారు, రాసింది. ఒహానా ప్లకార్డు పట్టుకుని పత్రిక ఆఫీసు ముందు నిలబడుతుంది. అది పారకపోతే, తల్లిని దాదాపు ఎత్తుకొచ్చినంత పని చేసి కిస్సుయిసోలో అతిథిగా దింపుతుంది. ఇక అప్పుడు చూడాలి. కూతురు అతిథి, తల్లి ఒకామి, మనవరాలు నకాయి. ఏ లోపం దొరుకుతుందా అని సత్సుకి చూస్తుంటుంది. ఆమె ఎవరో అందరికీ తెలిసినా ఏ అతిథికైనా చేసే మర్యాదే చేస్తారు. రాత్రి ముగ్గురూ ఒకచోట కూర్చుంటారు, పెద్దవాళ్లిద్దరూ తాగుతారు. సినిమా భాషలో చెప్పే రాజీ లాంటిది ఏదీ జరగదు. ఏళ్ల తరబడి మాటలు లేని తల్లీకూతుళ్లు ఒకరి పనిని ఒకరు గౌరవించడం మాత్రం కనిపిస్తుంది. సత్సుకి పని గురించి కూడా సిరీస్ తేలిగ్గా మాట్లాడదు. ఒంటరిగా కూతుర్ని పెంచుకుంటూ, ఇష్టం లేని రాతలు కూడా రాస్తూ సంపాదించిన మనిషి ఆమె.

ఇక్కడి నుంచి ఒక పేరా ముగింపు గురించి ఉంటుంది. ఏమీ తెలియకుండా చూడాలనుకునేవాళ్లు దాన్ని దాటేయండి.

చివర్లో సుయి హోటల్ మూసేయాలని నిర్ణయిస్తుంది. నష్టం ఒక్కటే కారణం కాదు. ఈ హోటల్ తాను, తన భర్త కలిసి కన్న కల. ఆ కలను మోసే బరువు పిల్లల మీద, పనివాళ్ల మీద రుద్దడం ఆవిడకు ఇష్టం లేదు. పనివాళ్లు మొదట ఎదురుతిరుగుతారు. బుకింగ్‌లు వెల్లువలా వస్తుంటే ఒళ్లు హూనం చేసుకుని మరీ హోటల్‌ను నిలబెట్టాలని చూస్తారు. ఆ హడావిడిలో కిస్సుయిసో కిస్సుయిసోలా లేకుండా పోతోందని మొదట గమనించేది ఒహానా. సంప్రదాయం మీద తీసిన కథల్లో ‘ఆపేయడం’ కూడా ఒక గౌరవమైన నిర్ణయమే అని చెప్పే ధైర్యం చాలా తక్కువమందికి ఉంటుంది. మన దగ్గర చేనేత కుటుంబాల్లో, తాము మగ్గం మీదే బతుకుతూ పిల్లల్ని మాత్రం మగ్గం వైపు రానివ్వకుండా చదువుకు పంపిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. పనిని ప్రేమించని వాళ్లెవరూ అలా చేయరు. సుయి నిర్ణయం అర్థం కావడానికి వాళ్లను తలచుకుంటే చాలు.

దీనికి కొసమెరుపు తెర బయట జరిగింది. కథలోని యునోసాగి ఊరికి నమూనా, ఇషికావా రాష్ట్రంలో కనజావా నగరం శివార్లలోని యువాకు ఒన్సెన్ అనే వేడినీటి బుగ్గల ఊరు. సిరీస్‌లో ‘బోన్‌బోరి పండగ’ వస్తుంది. కాగితపు దీపాలు వరసగా వెలిగిస్తారు, కోరికలు రాసిన చీటీలు కడతారు. ఒక చిన్నారి దేవత ఆ వెలుగులో దారి చూసుకుంటూ దేవతలంతా చేరే ఇజుమోకు వెళుతుందని నమ్మకం. ఇదంతా రచయితలు కల్పించిన పండగ. 2011 అక్టోబర్‌లో యువాకు ఊరివాళ్లు దాన్ని నిజంగానే జరిపారు. తర్వాత అది ఏటా శరదృతువులో జరిగే ఊరి పండగ అయింది. కోరికల చీటీలను చివర్లో ఊరి చెరువు దగ్గర అగ్నికి సమర్పిస్తారు. సంప్రదాయం అంటే ఎప్పుడూ తాతల నాటిదే అయి ఉండాలనేవాళ్లు ఈ పండగ గురించి ఒకసారి ఆలోచించాలి. ఒహానా దిగే రైల్వే స్టేషన్‌కు నమూనా నోటో రైల్వేలోని నిషి-గిషి. అక్కడ కథలోని ఊరి పేరుతో బోర్డు కూడా పెట్టారు. 2024 జనవరి 1న వచ్చిన నోటో భూకంపంలో ఆ రైలు మార్గం దెబ్బతిని, ఏప్రిల్‌లో మళ్లీ పూర్తిగా తెరుచుకుంది.

ఇంత చెప్పాక దీని లోపాలు కూడా చెప్పాలి. మొదటి మూడు ఎపిసోడ్లలో హోటల్‌లో దిగిన ఒక రచయిత ఒహానాను కట్టేసే ఘట్టం ఉంది. దాన్ని నవ్వులాటగా తీశారు. నాకు అది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. స్నానాల కొలను దృశ్యాల్లో అమ్మాయిల్ని చూపించిన తీరు కూడా కథకు అక్కర్లేనిది. పదేళ్ల పిల్లలతో కూర్చుని చూడాలనుకుంటే దీనితో మొదలుపెట్టకండి. ఒంటరిగానో, ఇంటర్ వయసు దాటిన పిల్లలతోనో చూడండి. నాలుగో ఎపిసోడ్ నుంచి దారిలో పడుతుంది. పత్రిక రేటింగ్ కథ దాకా వచ్చారంటే ఇక ఆపరు.

షిరోబాకో: కల నెరవేరాక మొదలయ్యే తిప్పలు

హనసాకులో పని ఇంటి నుంచి వస్తుంది. షిరోబాకోలో పనిని వీళ్లే ఏరికోరి ఎంచుకున్నారు. బడిలో ఉన్నప్పుడు కలిసి చిన్న యానిమే తీసిన అయిదుగురు స్నేహితురాళ్లు, ఎప్పటికైనా మళ్లీ కలిసి ఒకటి తీయాలని ఒట్టేసుకుంటారు. కొన్నేళ్ల తర్వాత చూస్తే అవోయి ఒక స్టూడియోలో ప్రొడక్షన్ అసిస్టెంట్. ఎమా బొమ్మలు గీస్తుంది. మిసా కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో ఉంది, కానీ రోజంతా చేసేది కార్ల చక్రాలు, విడిభాగాల పని. షిజుకాకు డబ్బింగ్ అవకాశాలు రావు. చిన్నదైన మిదోరి రచయిత్రి కావాలని చూస్తోంది. దర్శకుడు త్సుతోము మిజుషిమా. 2014 అక్టోబర్ నుంచి 2015 మార్చి దాకా 24 ఎపిసోడ్లు.

ప్రొడక్షన్ అసిస్టెంట్ అంటే ఏం చేస్తుందో చూస్తే మన ఆఫీసుల్లో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్లుగా పనిచేసేవాళ్లకు కళ్లు చెమరుస్తాయి. బొమ్మ గీయదు, కథ రాయదు. ఎవరి దగ్గర ఏ కట్ (షాట్) ఆగిందో గుర్తుపెట్టుకోవాలి. అర్ధరాత్రి కారేసుకుని వెళ్లి గీసిన కాగితాలు తెచ్చుకోవాలి. అలిగినవాళ్లను బుజ్జగించాలి. స్టోరీబోర్డు ఎంతకీ పూర్తిచేయని దర్శకుణ్ని ఒక గదిలో పెట్టి తాళం వేయడం కూడా ఇందులో భాగమే. తన సొంత కల ఏమిటో అవోయికి స్పష్టంగా తెలియదు. మిగతా నలుగురికీ తెలుసు. ఈ తేడాను సిరీస్ చివరిదాకా వదలదు, హడావిడిగా తేల్చేయదు కూడా.

ఇందులో సంప్రదాయం ఎక్కడుంది అని అడుగుతారేమో. చేతితో గీయడంలో ఉంది. ఒక పేలుడు దృశ్యాన్ని చేతితో గీయాలా, కంప్యూటర్‌లో చేయాలా అనే గొడవ అయిదో ఎపిసోడ్‌లో మొదలవుతుంది. పేలుళ్లు గీయడమే బతుకుగా పెట్టుకున్న ఎండో పని వదిలేసేంత దూరం వెళతాడు. అలాగే స్టూడియోలో ఒక మూల సుగియే అనే పెద్దాయన కూర్చుని ఉంటాడు. ఇప్పటి నాజూకు ముఖాల బొమ్మలు ఆయనకు చేతకావు. కుర్రాళ్లు ఆయన్ను పట్టించుకోరు. ఒక సిరీస్ చివరి ఎపిసోడ్‌కు గుర్రాల మంద పరిగెత్తే దృశ్యం కావాల్సి వస్తుంది. ఎవరికీ గుర్రం గీయడం రాదు. అవోయి ఊరంతా తిరిగి, పేరున్న దర్శకుడి దగ్గరికి వెళ్లి అడిగితే, మీ దగ్గర సుగియే ఉండగా నన్నెందుకు అడుగుతున్నారంటాడు ఆయన. పన్నెండో ఎపిసోడ్ అది. ఆ పెద్దాయన గీసేటప్పుడు చుట్టూ చేరిన కుర్రాళ్ల ముఖాలు చూడండి. గురుభక్తి గురించి ఒక్క మాట కూడా మాట్లాడకుండా గురువంటే ఏమిటో చూపించారు.

షిరోబాకోలో భారం మోసేది కుటుంబం కాదు, జీతగాళ్లు. ఎవరి నిద్ర పోయిందో, ఎవరు చెప్పాల్సిన మాట చెప్పకపోవడంతో ఎంతమంది రాత్రంతా కూర్చోవాల్సి వచ్చిందో లెక్క తెలుస్తూనే ఉంటుంది. అయితే ఆ పరిశ్రమలోని చాకిరీని ఇది కొంత మెత్తబరిచే చూపిస్తుందన్నది నా అభిప్రాయం. అందరూ అలసిపోతారు, కానీ పని మీద ప్రేమ ఎప్పుడూ గెలిచేస్తుంది. అయినా షిజుకా కథ దగ్గర ఆ మెత్తదనం ఉండదు. స్నేహితురాళ్లంతా ఒక్కో మెట్టు ఎక్కుతుంటే, ఆమె గదిలో ఒక్కత్తే కూర్చుని టీవీలో వేరేవాళ్ల గొంతులు వింటూ తాగుతుంది. ఆమె కోసమైనా 23వ ఎపిసోడ్ దాకా ఓపిక పట్టండి.

చిక్కేమిటంటే పాత్రలు బోలెడు. మొదటి ఎపిసోడ్లలో తెర మీద పేరు, హోదా వేస్తూనే ఉంటారు. మాటలు కూడా చాలా వేగం. సబ్‌టైటిల్స్ చదువుతూ ఇవన్నీ పట్టుకోవడం మొదట్లో కష్టమే. పేర్లు గుర్తుపెట్టుకోవాలని చూడకండి. అవోయి వెంట నడవండి, మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే గుర్తుండిపోతారు.

సకురా క్వెస్ట్: ఊరు బతకాలంటే

మూడింటిలో తక్కువమంది చూసేది ఇదే. ఊరు వదిలి నగరంలో స్థిరపడిన ఎవరికైనా గుచ్చుకునేది కూడా ఇదే.

యోషినో టోక్యోలో చదువు పూర్తి చేసి 30 కంపెనీల దాకా తిరిగినా ఉద్యోగం దొరకదు. సొంతూరికి వెళ్లడం ఇష్టం లేదు. మనోయామా అనే ఊరి పర్యాటక శాఖ ఆమెను ఒకరోజు పనికి పిలుస్తుంది. ఊరి ‘రాణి’ వేషం వేయాలి. 1980లలో జపాన్ పల్లెటూళ్లు పర్యాటకుల కోసం తమను తాము సరదాగా చిన్న చిన్న స్వతంత్ర దేశాలుగా ప్రకటించుకున్న ధోరణి ఒకటి నడిచింది. మనోయామా ఆ మోజు పోయాక కూడా దాన్ని పట్టుకుని వేలాడుతున్న ఊరు. తీరా వెళ్లాక తెలుస్తుంది, వాళ్లు పిలవాలనుకున్నది వేరే ఆమెను. కాగితం మీద ఉన్నది ఒకరోజు కాదు, ఏడాది ఒప్పందం.

ఈ ఊరికి నమూనా తొయామా రాష్ట్రంలోని నాంతో నగర ప్రాంతం. పీ.ఏ. వర్క్స్ స్టూడియో ఉన్నది కూడా అక్కడే. యానిమే పరిశ్రమ దాదాపు అంతా టోక్యో చుట్టూ ఉంటే, ఈ స్టూడియో పల్లె వాతావరణంలో ఉండి పనిచేస్తుంది. కాబట్టి షట్టర్లు మూసేసిన బజారు వీధి, పిల్లలు లేక మూతపడ్డ బడి, ముసలివాళ్లతో నడిచే బస్సు వాళ్లు ఎక్కడికో వెళ్లి చూసొచ్చినవి కావు. ఆ ప్రాంతంలోని ఇనామి చెక్క చెక్కడానికి పేరున్న ఊరు. సిరీస్‌లోనూ చెక్కడపు పనివాళ్లు వస్తారు. స్టేషన్‌నే చెక్కడాలతో నింపేద్దాం, బార్సిలోనాలో ఏళ్ల తరబడి కడుతూనే ఉన్న సగ్రాదా ఫమీలియా చర్చి లాగా మనదీ ఎప్పటికీ చెక్కుతూనే ఉందాం, అదే చూడ్డానికి జనం వస్తారు అనే ఆలోచన వస్తుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. చెక్కేది ఎవరు, ఎన్నేళ్లు, వాళ్ల సంసారం ఎలా గడవాలి అని మనకు వెంటనే అనుమానం వస్తుంది. ఈ సిరీస్ గొప్పదనం ఆ అనుమానాన్ని దాచకపోవడం.

ఇక్కడ భారం మొత్తం ఊరి మీద ఉంటుంది. దాన్ని మోయడానికి ముందు నిలబడింది మాత్రం బయటి మనిషి. అందుకే కథ నెమ్మదిగా సాగుతుంది. ఒక ఆలోచన, ఒక ప్రయత్నం, సగం ఫలితం. మళ్లీ ఇంకొకటి. 25 ఎపిసోడ్లలో మధ్యలో కొన్ని నిజంగానే సాగదీసినట్టు ఉంటాయి, ఒక టీవీ షో బృందం ఊరికొచ్చే కథ నాకు ఏమంత నచ్చలేదు. కానీ నటి కావాలని వెళ్లి తిరిగొచ్చిన మాకి, ఊరి అమ్మాయే అయినా ఊళ్లో ఎవరితోనూ కలవని రిరికో, టోక్యోలో కంప్యూటర్ ఉద్యోగం వదిలి వచ్చిన సనాయె, ఈ ముగ్గురి కథల కోసం ఆ సాగదీత భరించవచ్చు. సొంతూరి నుంచి పారిపోయిన యోషినో వేరే ఊరి కోసం పనిచేస్తూ, తన ఊరిని మళ్లీ చూడడం నేర్చుకునే ఎపిసోడ్లు కూడా మంచివి.

ఈ మూడూ కాకుండా

పిల్లలతో కూర్చుని చూడాలంటే నా సలహా ‘ఒక్కోస్ ఇన్’. 2018లో కితారో కోసాకా దర్శకత్వంలో వచ్చిన గంటన్నర సినిమా. కారు ప్రమాదంలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న బడి పిల్ల ఒక్కో, అమ్మమ్మ నడిపే విడిదికి వచ్చి చిన్న ఒకామి అవుతుంది. హనసాకుతో పోలిక పైపైనే. ఇక్కడ స్నేహం చేసే దయ్యాలున్నాయి, రంగులున్నాయి, పింక్ గౌన్లు వేసుకునే పోటీ హోటల్ అమ్మాయి ఉంది. చివర్లో వచ్చే ఒక అతిథి ఎవరో తెలిశాక, వచ్చిన ఎవరినైనా ఆదరించాలనే ఆ ఊరి మాట ఎంత కష్టమైనదో పన్నెండేళ్ల పిల్ల ముఖంలో కనిపిస్తుంది. పెద్దవాళ్లు దాచుకోలేనంత ఏడుస్తారు. తల్లినో తండ్రినో ఈమధ్యే పోగొట్టుకున్న పిల్లలుంటే మాత్రం ముందు మీరొక్కరే చూసి, తర్వాత చూపించండి.

ఇంట్లో అబ్బాయి ర్యాంకుల పరుగులో అలసిపోయి ఉంటే వేరే మాట లేదు, ‘సిల్వర్ స్పూన్’. రాసింది హిరోము అరకావా. ఆవిడ హొక్కైదోలోని పాడి రైతుల ఇంట్లో పెరిగింది. చదువు పోటీ తట్టుకోలేక, తండ్రికి దూరంగా ఉంటే చాలని వ్యవసాయ బడిలో చేరిన హచికెన్ కథ ఇది. పంది పిల్లకు పేరు పెట్టొద్దని అందరూ చెబుతున్నా పెడతాడు. దాన్ని పెంచుతాడు. కోతకు వెళ్లే రోజు వస్తే, వేసవిలో కూలి చేసి సంపాదించిన డబ్బుతో దాని మాంసం తనే కొంటాడు. తిండి ఎక్కడి నుంచి వస్తుందో ఇంత నిజాయితీగా చూపించిన సిరీస్ అరుదు. రెండో భాగంలో ఒక స్నేహితుడి కుటుంబం పాడి వ్యాపారం అప్పుల్లో మునిగిపోతుంది. సాయం చేద్దామని ఉన్నా ఏమీ చేయలేని హచికెన్ అక్కడ నిజంగా ఎదుగుతాడు. 2013లో 11, 2014లో 11 ఎపిసోడ్లు. ఒక్క వారాంతంలో అయిపోతుంది. మాంసం చూపించే దృశ్యాలు శాకాహారులకు ఇబ్బందిగా ఉండొచ్చు.

‘బరకమోన్’ (2014, 12 ఎపిసోడ్లు) వయసుకొచ్చిన మనిషి మళ్లీ ఎదగడం గురించి. తన రాతను విమర్శించిన పెద్దాయన మీద చేయి చేసుకున్న యువ లిపి కళాకారుడు, గోతో దీవుల్లోని పల్లెకు వెళ్లాల్సి వస్తుంది. తేలిక, నవ్వు ఎక్కువ. ‘కియో ఇన్ క్యోటో’ (2021, 12 ఎపిసోడ్లు) మరీ ప్రశాంతం. మైకో (గీషాగా శిక్షణ పొందే అమ్మాయి) కావాలని ఒక స్నేహితురాలు, ఆ ఇంట్లో వంటమ్మాయిగా ఇంకొకరు. నిద్రపోయే ముందు రోజుకొకటి చూడ్డానికి బాగుంటుంది. కానీ నేను పైన చెప్పిన ప్రశ్న దాని దగ్గర అడగలేం. చిన్న వయసులో అలాంటి శిక్షణలో ఉన్న పిల్లలు ఏం కోల్పోతారన్నది అది దాదాపు ముట్టుకోదు. వంట చాలా బాగా చూపిస్తారు, అంతవరకే.

మరి మీరు ఏది ఎంచుకోవాలి

అమ్మానాన్నల దుకాణమో, పొలమో, వృత్తో మీ చేతికి రాబోతుంటే, లేదా రాకూడదని మీరు తేల్చుకుని ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక ఉంటే, హనసాకు ఇరోహా. ఇంకో మాట లేదు. మొదటి మూడు ఎపిసోడ్ల చికాకును భరించండి.

కొత్తగా ఉద్యోగంలో చేరి, కోరుకున్న రంగమే అయినా రోజంతా ఎక్సెల్ షీట్లు నింపుతూ ‘నేను చదివింది దీనికేనా’ అనుకుంటుంటే, షిరోబాకో. ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లకు మాత్రం షిరోబాకో ఇవ్వకండి. షిజుకా ఎపిసోడ్లు వాళ్లకు మరీ బరువు. వాళ్లకు సకురా క్వెస్ట్ మేలు. ముప్పై చోట్ల కాదన్న మనిషితో అది మొదలవుతుంది, పైగా ఉద్యోగం అంటే ఆఫీసు మాత్రమే కాదని నెమ్మదిగా చూపిస్తుంది. అమెరికాలోనో, హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉంటూ, పండక్కి ఊరెళ్లినప్పుడు తాళాలు వేసిన ఇళ్లు లెక్కపెట్టే అలవాటున్నవాళ్లకు కూడా అదే.

పిల్లలకు ఒక్కోస్ ఇన్, టీనేజ్ అబ్బాయిలకు సిల్వర్ స్పూన్. అమ్మానాన్నలతో కలిసి ఒక్కటే చూసే వీలుంటే ఒక్కోస్ ఇన్. దాని నిడివి సినిమా అంతే, కథ వెంటనే అర్థమవుతుంది, ఒక్క పాత్ర పేరు గుర్తుంటే చాలు.

మూడూ చూడాలని తీర్మానించుకున్నవాళ్లు తీసిన క్రమంలోనే చూడొచ్చు గానీ, వెంటవెంటనే చూడొద్దు. ఒక్కోటి దాదాపు పది గంటలు. వరసగా చూస్తే అవోయి, యోషినో, ఒహానా ముగ్గురూ కలిసిపోయి ఒకే చురుకైన అమ్మాయిలా కనిపిస్తారు. మధ్యలో సిల్వర్ స్పూన్ లాంటిది పెట్టుకోండి. హనసాకుకు 2013లో ‘హోమ్ స్వీట్ హోమ్’ అనే గంటకు పైబడిన సినిమా వచ్చింది. కిస్సుయిసోలో దొరికిన పాత పని డైరీలు తిరగేస్తూ ఒహానా, తన వయసులో తల్లి ఎలా ఉండేదో తెలుసుకుంటుంది. సిరీస్ మొత్తం అయ్యాకే చూడండి. సత్సుకి మీద కోపం బాగా పెరిగి, కొంత తగ్గాక చూస్తేనే ఆ డైరీల విలువ తెలుస్తుంది. షిరోబాకోకు 2020లో సినిమా వచ్చింది. అందులో స్టూడియో పరిస్థితి బాగోదు, కాబట్టి సిరీస్ పూర్తయిన ఆనందంలో వెంటనే పెట్టేయకుండా కొన్ని వారాలు ఆగండి.